ఇంట్లో రీలోడింగ్‌కి ఏ సింగిల్ స్టేజ్ ప్రెస్ కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సాస్‌లో మా గరాజ్‌లో ఒక మూల, బెంచ్‌కి బిగించి, తుపాకీ తూటాలు చేసుకునే ఒక ప్రెస్ ఉంటుంది. పండగకో పుట్టినరోజుకో ఇంటికొచ్చిన స్నేహితుల్లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లే అలవాటున్నవాళ్లు భోజనాలయ్యాక మెల్లగా అక్కడికి చేరతారు. వాళ్లు అడిగేవే ఇవన్నీ. అమెరికాలో, చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్ల కోసం రాశాను. ఇండియా సంగతి చివర్లో ఉంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. మనం మామూలుగా మొత్తం తూటాని బుల్లెట్ అంటాం. రీలోడింగ్‌లో అలా అంటే గందరగోళం. ఇక్కడ బుల్లెట్ అంటే ఎగిరిపోయే ముక్క మాత్రమే. ఇత్తడి తొడుగు కేస్, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల ప్రైమర్, లోపల పౌడర్. నాలుగూ కలిస్తే రౌండ్. కాల్చాక మిగిలిన కేస్‌ని మళ్లీ నింపి వాడుకోవడమే రీలోడింగ్.

హెచ్ 1బీ మీద ఉన్నాను. తుపాకీ లేదు. ప్రెస్ కొని, ఫ్రెండ్ కోసం రౌండ్లు చేసి పెట్టొచ్చా?

వద్దు. ప్రెస్ ఒట్టి ఇనప పనిముట్టు, కొనడానికి ఫెడరల్ లైసెన్స్ ఏదీ అక్కర్లేదు. చిక్కంతా దాని మీద పెట్టేవాటితోనే. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది (టైటిల్ 18, సెక్షన్ 922). హెచ్ 1బీ, హెచ్ 4, ఎఫ్ 1, విజిటర్ వీసా, అన్నీ ఇందులోకే వస్తాయి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి, ఇంకా కొందరికి మినహాయింపులున్నాయి.

మనవాళ్లలో చాలామందికి తెలియంది దీని తర్వాతి సంగతి. అమ్యునిషన్ అంటే తయారైన రౌండ్ ఒక్కటే కాదు. ఆ చట్టంలోనే 921వ సెక్షన్ ప్రకారం కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ కూడా అమ్యునిషనే. అంటే మినహాయింపు లేని మనిషి అల్మారాలో ఒక ప్రైమర్ల డబ్బా ఉన్నా ఇబ్బందే. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకి ఈ అడ్డు లేదు, సిటిజన్లకి అసలే లేదు. మినహాయింపు నాకు వర్తిస్తుందేమో అనుకునేవాళ్లు స్నేహితుల మాట మీద కాకుండా లాయర్‌ని అడిగి ముందుకెళ్లండి. పదేళ్లు గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూసి ఇంత చిన్నదానికి పోగొట్టుకోవడం ఎందుకు?

మా నాన్న విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు నేను పని చేస్తుంటే చూసి, "ఒకసారి నేను లాగనా?" అన్నారు. వద్దన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు.

సింగిల్ స్టేజ్ అంటే ఏమిటి?

మా అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: "జంతికల గొట్టంలా ఉందిరా." నిజమే. గొట్టంలో ఒకసారికి ఒకే బిళ్ల పడుతుంది, కారప్పూస కావాలంటే బిళ్ల మార్చాలి. ఇక్కడా అంతే. ప్రెస్ పైన ఒక మరల రంధ్రం, అందులో ఒక డై, అంటే ఉక్కు అచ్చు. కింద ర్యామ్ అనే కదిలే కడ్డీ, దాని తలమీద కేస్ అంచుని పట్టుకునే షెల్ హోల్డర్. హ్యాండిల్ కిందికి లాగితే ర్యామ్ పైకి లేచి కేస్‌ని డైలోకి నెడుతుంది. ఒక లాగుడుకి ఒక పని.

ఒక బ్యాచ్‌కి యాభై కేసులనుకుంటే, ముందు సైజింగ్ డైతో అన్నిటినీ పాత కొలతకి సరిచేసి, పాత ప్రైమర్లు తీసేస్తారు. రైఫిల్ కేసులైతే పొడుగు కొలిచి, పెరిగినవాటిని ట్రిమ్ చేస్తారు. తర్వాత కొత్త ప్రైమర్లు, పౌడర్. చివర డై మార్చి బుల్లెట్లు కూర్చోబెడతారు. అంతా బ్యాచ్‌ల లెక్కన జరుగుతుంది.

నేరుగా ప్రోగ్రెసివ్ కొంటే పోలేదా? ఒక్కో లాగుడుకి ఒక రౌండ్ వస్తుందట కదా?

వస్తుంది. డిల్లన్ 550, 750 లాంటివి అందుకే ఉన్నాయి. నెలకి వెయ్యి 9 ఎంఎం పిస్టల్ రౌండ్లు కాల్చేవాళ్లకి సింగిల్ స్టేజ్ చిరాకే. నాకు అన్నీ కలిపి గంటకి యాభై దాటడం కష్టం.

కానీ కొత్తవాళ్లకి ఆ నెమ్మదే కావాలి. ప్రోగ్రెసివ్‌లో ఒకేసారి నాలుగైదు చోట్ల నాలుగైదు పనులు జరుగుతుంటాయి, ఎక్కడ తప్పిందో కంటికి ఆనదు. 9 ఎంఎం లాంటి కేస్‌లో కొన్ని పౌడర్లు సగం కూడా నిండవు. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బయటపడదు, తుపాకీ పగిలేదాకా తెలియదు. అసలు పోయకపోతే ఇంకో ప్రమాదం. ప్రైమర్ బలానికే బుల్లెట్ బ్యారెల్ మధ్యలోకి వెళ్లి ఇరుక్కుంటుంది, దాని వెనక మరొకటి కాల్చారో అంతే సంగతులు. సింగిల్ స్టేజ్‌లో పౌడర్ పోసిన యాభై కేసులూ చెక్క బ్లాక్‌లో వరసగా నిలబడి ఉంటాయి. బుల్లెట్ పెట్టేముందు టార్చ్ వేసి ఒక్కో వరసా చూస్తాను. అన్నిట్లో మట్టం ఒకేలా ఉండాలి. ఒక్కటి తేడాగా కనిపించినా అందులోని పౌడర్ వంపేసి మళ్లీ తూస్తాను. ఈ చూపు అలవాటయ్యాక ప్రోగ్రెసివ్ కొనుక్కోండి, అప్పుడూ సింగిల్ స్టేజ్ వృథా పోదు.

రెండిటికీ మధ్యలో టరెట్ ప్రెస్ ఉంది. లీ క్లాసిక్ టరెట్‌లో నాలుగు డైలు ఒకే పళ్లెంలో ఉంటాయి. దాన్ని తిప్పే కడ్డీ తీసేస్తే సింగిల్ స్టేజ్‌లాగే వాడుకోవచ్చు. పిస్టల్ రౌండ్లే ఎక్కువ చేసేవాళ్లు దీన్ని తప్పకుండా చూడండి.

ఓ ఫ్రేమా, సీ ఫ్రేమా? ఇనుమా, అల్యూమినియమా?

ఓ ఫ్రేమ్ చుట్టూ మూసుకుని ఉంటుంది, కాబట్టి బలం పడ్డా వంగదు. సీ ఫ్రేమ్‌కి ముందువైపు ఖాళీ, చెయ్యి పెట్టడం సులువు, కానీ గట్టిగా లాగితే కొద్దిగా నోరు తెరుస్తుంది. 308 వించెస్టర్, 30-06 లాంటి పెద్ద రైఫిల్ కేసులు చేసేవాళ్లు కాస్ట్ ఐరన్ ఓ ఫ్రేమ్ తీసుకుంటే మళ్లీ ఆలోచించే పని ఉండదు. 9 ఎంఎం, చిన్న రైఫిల్ రౌండ్ 223 వరకే అయితే అల్యూమినియం ఓ ఫ్రేమ్ చాలు. సీ ఫ్రేమ్ చిన్న ప్రెస్‌ని నేను రెండో ప్రెస్‌గానే చెబుతాను. పాత ప్రైమర్లు తీయడానికి ఒక పక్కన పడి ఉంటుంది.

సరే, పేరు చెప్పండి. ఏది కొనాలి?

అందరూ మొదట అడిగేది ఇదే. నా లెక్కలో అన్నిటికన్నా తక్కువ టెన్షన్ పడాల్సిందీ ఇదే. పేరున్న కంపెనీల కాస్ట్ ఐరన్ ప్రెస్‌లు మనవలదాకా వస్తాయి. రౌండ్ గురి బాగుండడానికి డై ఎలా అమర్చారు, పౌడర్ ఎంత సమంగా తూచారు అన్నవి ముఖ్యం. ప్రెస్ పాత్ర వాటి తర్వాతే.

ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ సుప్రీమ్ చాలామంది మొదటి ప్రెస్. ఆ కంపెనీ 1943లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ మొదలుపెట్టింది. పేరులోని అక్షరాలు రాక్ చక్ బుల్లెట్ స్వేజ్ అన్న మాటలవి. రాక్ చక్ అంటే పొలాల్లో బొరియలు తవ్వే ఒక జంతువు. ప్రెస్ బరువైనది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి.

విస్కాన్సిన్‌లోని హార్ట్‌ఫర్డ్‌కి చెందిన లీ కంపెనీ క్లాసిక్ కాస్ట్ కూడా ఇనుమే, ధర రాక్ చకర్ కన్నా తక్కువ. ర్యామ్ లోపల బోలుగా ఉండి పాత ప్రైమర్లు ట్యూబ్‌లోకి జారిపోతాయి. ఎవరైనా బలవంతంగా ఒక్క పేరు చెప్పమంటే ఇదే చెబుతాను. లీ ఛాలెంజర్ అల్యూమినియంది, ఇంకా చవక.

హార్నడీ లాక్ ఎన్ లోడ్ క్లాసిక్‌లో డైకి బుషింగ్ అనే చిన్న రింగు తగిలించి ఉంచుకుంటే కాస్త తిప్పగానే ఊడి వస్తుంది, మరలు తిప్పుతూ కూర్చోనక్కర్లేదు. లీ వాళ్ల బ్రీచ్ లాక్ కూడా ఇలాంటిదే. ఒకే రోజు రెండు మూడు రకాల రౌండ్లు చేసేవాళ్లకి ఈ సుఖం తెలుస్తుంది.

రెడింగ్ బిగ్ బాస్ 2 ఇనుము, పనితనం చాలా నీటుగా ఉంటుంది. ఫోర్‌స్టర్ కో యాక్స్ అయితే దారే వేరు. డైని మరలతో బిగించరు, పక్కనుంచి గాడిలోకి తోస్తారు. షెల్ హోల్డర్ బదులు దవడల్లాంటివి వాటంతట అవే కేస్‌ని పట్టుకుంటాయి. డై, కేస్ రెండూ కొద్దిగా కదిలే వీలుండడంతో తమంతట తామే ఒక వరసలోకి వస్తాయి. దూరం టార్గెట్లు కొట్టేవాళ్లు దీన్ని ప్రాణంగా చూసుకుంటారు. కానీ ఖరీదెక్కువ, పైగా లీ డైల లాక్ రింగులు అందులో సరిగ్గా కూర్చోవు. మొదటి ప్రెస్‌కి ఇంత అవసరం లేదు.

ఒక కంపెనీ ప్రెస్‌లో ఇంకో కంపెనీ డైలు పడతాయా?

పడతాయి. 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు, ఇదే అందరి కొలత. షెల్ హోల్డర్లూ దాదాపు అన్నీ ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, కో యాక్స్ లాంటివి తప్ప.

పాత ప్రైమర్లు ఎక్కడ పడతాయి అన్నది అంత ముఖ్యమా?

నన్నడిగితే ప్రెస్ ఎంచుకునేటప్పుడు చూడాల్సిన మొదటి విషయం ఇదే. మామూలు ప్రైమర్లలో సీసం సమ్మేళనం ఉంటుంది. కాల్చిన ప్రైమర్‌ని తట్టి తీసినప్పుడు దాంతోపాటు నల్లటి సన్నటి పొడి రాలుతుంది. అదంతా సీసం ఉన్న మసే. ప్రెస్‌కి ముందు తగిలించిన చిన్న ట్రేలో ప్రైమర్లు పడే డిజైన్లలో కొన్ని గురి తప్పి నేల మీద దొర్లుతాయి, పొడి ర్యామ్‌కి అంటుకుంటుంది. బోలు ర్యామ్ లోంచి ట్యూబ్ ద్వారా సీసాలోకి పోయే డిజైన్లలో ఈ గోల తక్కువ. క్లాసిక్ కాస్ట్, బిగ్ బాస్ 2, ఆర్‌సీబీఎస్ రెబెల్ ఇలాంటివే. కో యాక్స్‌లోనూ మసి పెద్దగా బయటికి రాదు.

మా పాప పాకే వయసులో గరాజ్ తలుపు దగ్గర నేల మీద ఒక పాత ప్రైమర్ వెండి బిళ్లలా మెరుస్తూ దొరికింది. నా చెప్పుకి అంటుకుని వచ్చి ఉంటుంది. పాప కన్నా ముందు నా కంట పడింది. అప్పట్నుంచి గరాజ్‌కి వేరే చెప్పులు, బెంచ్ మీద టీ కప్పు నిషిద్ధం, పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే లోపలికి. బెంచ్‌ని చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి. కేసులు శుభ్రం చేసే టంబ్లర్‌లో వాల్‌నట్ పొట్టు వాడేవాళ్లు దాన్ని ఇంట్లో జల్లించొద్దు. ఆ దుమ్ములోనూ సీసమే.

కొత్త ప్రైమర్లు ప్రెస్ మీదే పెట్టొచ్చా?

చాలా ప్రెస్‌లకి ప్రైమర్ నొక్కే చెయ్యి లాంటి భాగం ఉంటుంది. కానీ చేత్తో నొక్కే విడి ప్రైమింగ్ టూల్ కొంటే ప్రైమర్ అడుగుదాకా దిగిందో లేదో వేళ్లకే తెలిసిపోతుంది. కళ్లకి రక్షణ కళ్లజోడు తప్పనిసరి. ఎక్కడైనా బిగుతుగా అనిపిస్తే బలవంతం చేయకండి. సైన్యం వాడిన కేసుల్లో ప్రైమర్ గుంట అంచు నొక్కేసి ఉంటుంది, ముందు దాన్ని సరిచేసుకోవాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. గరాజ్ లేదు. ఎలా?

ప్రెస్ కన్నా అది నిలబడే చెక్క ముఖ్యం. హ్యాండిల్ లాగినప్పుడు బల్ల కదిలితే ఎంత ఖరీదైన ప్రెస్ అయినా దండగే. ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, దానికి ప్రెస్‌ని ఆరపార బోల్టులతో బిగించి, ఆ చెక్కని గట్టి బల్లకి రెండు సీ క్లాంపులతో పట్టిస్తే పని జరుగుతుంది. పనయ్యాక తీసి అల్మారాలో పెట్టుకోవచ్చు. చెక్క స్క్రూలతో మాత్రం బిగించొద్దు, నెల తిరక్కుండా వదులవుతాయి. డైనింగ్ టేబుల్ మీద అసలొద్దు, కారణం పైన చెప్పాను. లీజ్ కాగితంలో ఏముందో కూడా ఓసారి చదవండి.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

నిస్సంకోచంగా. నా మొదటి ప్రెస్ గరాజ్ సేల్‌లో దొరికింది, కొత్తదాని ధరలో సగం కూడా పడలేదు. కాకపోతే ఆ ఉత్సాహంలో ర్యామ్ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడలేదు. ఇంటికొచ్చాక చూస్తే పళ్లు ఊగినట్టు ఊగుతోంది. మీరు వెళ్లినప్పుడు హ్యాండిల్ సగం లేపి ర్యామ్‌ని వేళ్లతో నాలుగు దిక్కులా కదపండి. ఫ్రేమ్ మూలల్లో పగులుందేమో టార్చ్ వేసి చూడండి. పైన డై మరల్లో ఒక డై చేత్తోనే తిరిగి దిగాలి. పైపై తుప్పు పట్టించుకోవద్దు, నూనె గుడ్డతో పోతుంది. పాత ప్రెస్‌తో పాటు సీసాల్లో పౌడర్ ఉచితంగా ఇస్తామంటే మాత్రం తీసుకోకండి. లేబుల్ మీద ఉన్న పేరే లోపల ఉందని ఎవరు చెప్పగలరు?

కేస్ డైలో ఇరుక్కుపోయింది. ప్రెస్‌కి బలం చాలకేనా?

కాదండీ. లూబ్, అంటే కేస్ జారడానికి రాసే జిడ్డు, రాయలేదు, అంతే. ఒక ఆదివారం పొద్దున 308 కేసులు సైజ్ చేస్తున్నాను. ఇండియా నుంచి అక్క ఫోన్, స్పీకర్‌లో పెట్టి పని ఆపకుండా మాట్లాడుతున్నా. పిన్నిగారి అమ్మాయి పెళ్లి సంబంధం కథ మంచి రసపట్టులో ఉంది. లూబ్ రాసిన కేసుల కుప్పలోంచి కాకుండా పక్క కుప్పలోంచి ఒకటి తీశాను. హ్యాండిల్ దిగింది. తిరిగి లేవలేదు. కొంచెం బలం పెడితే 'టక్' మని అంచు చిరిగి, కేస్ లోపలే ఉండిపోయి ర్యామ్ ఒక్కటే కిందికొచ్చింది.

అలా ఇరుక్కున్నదాన్ని తీయడానికి కిట్ ఒకటి దొరుకుతుంది. డైలోని మధ్య కడ్డీని పైకి తీసేసి, కేస్ అడుగున రంధ్రం వేసి, మరలు కోసి, బోల్టు బిగిస్తూ బయటికి లాగాలి. నాకు సాయంత్రమైంది. ప్రెస్‌కి గీత కూడా పడలేదు. స్ప్రే లూబ్ వాడేవాళ్లు అందులోని ఆల్కహాల్ ఆరేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి, తడిగా ఉండగానే నెడితే ఇదే గతి. కార్బైడ్ డైలతో చేసే 9 ఎంఎం లాంటి పిస్టల్ కేసులకి ఈ బాధ లేదు.

ప్రెస్ కాక ఇంకేం కొనాలి?

మీ రౌండ్‌కి డైలు, షెల్ హోల్డర్, మంచి త్రాసు, దాన్ని సరిచూసుకునే తూకపు బిళ్లలు, పౌడర్ మెజర్, కాలిపర్, కేస్ ట్రిమ్మర్, లోడింగ్ బ్లాక్. కాలిపర్ ఎందుకంటే కాల్చిన కొద్దీ కేస్ సాగుతుంది. 308 కేస్ 2.015 అంగుళాలు దాటకూడదు, 223 అయితే 1.760. అన్నీ కలిపి వచ్చే కిట్లు చవకే, కానీ కొన్నిట్లో వచ్చే ప్లాస్టిక్ త్రాసుతో ఓపిక నశిస్తుంది. ప్రెస్‌లో మిగిల్చిన డబ్బు త్రాసు మీద పెట్టండి.

అన్నిటికన్నా ముందు కొనాల్సింది లోడ్ డేటా పుస్తకం, అంటే ఏ రౌండ్‌కి ఏ పౌడర్ ఎంత పోయాలో చెప్పేది. లైమన్, హార్నడీ వాళ్లవి ఏవైనా సరే. ఒకటి కాదు, రెండు కొని పోల్చి చూసుకోండి. ఏ పౌడర్ ఎంత అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు అడగొద్దు, వాట్సాప్ గ్రూప్‌లో అసలు అడగొద్దు.

డబ్బు మిగులుతుందా?

9 ఎంఎంకి పెద్దగా మిగలదు. పోటీలకి వాడే మ్యాచ్ రకం 308 రౌండ్లు షాపులో కొనేవాళ్లకి మాత్రం తేడా బాగా తెలుస్తుంది. 2020లో షాపుల్లో అరలన్నీ ఖాళీ అయినప్పుడు ప్రైమర్లు దాచుకున్నవాళ్లు నిశ్చింతగా రేంజ్‌కి వెళ్లారు, నాకు కుళ్లు పుట్టింది.

పౌడర్, ప్రైమర్లు ఇంట్లో ఎంత ఉంచుకోవచ్చు?

నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 495 ప్రమాణం ప్రకారం ఇంట్లో పొగలేని పౌడర్ 20 పౌండ్లదాకా దాని అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. అది దాటితే 50 పౌండ్లదాకా అంగుళం మందం చెక్క పెట్టెలో పెట్టాలి. ప్రైమర్లు 10,000. మీ ఊరి ఫైర్ కోడ్ ఇంకా కఠినంగా ఉండొచ్చు, కనుక్కోండి. టెక్సాస్ ఎండలకి గరాజ్ పొయ్యిలా ఉంటుంది కాబట్టి నావి ఇంట్లో చల్లని గది అల్మారాలో తాళం వేసి ఉంటాయి. పౌడర్‌ని పచ్చడి సీసాల్లోకి మార్చే పని ఎప్పుడూ చేయకండి. బెంచ్ మీద ఒకసారికి ఒకే పౌడర్ డబ్బా ఉండాలి.

స్నేహితులకి చేసి అమ్మొచ్చా?

సొంతానికి చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. లాభం కోసం చేసి అమ్మడం వ్యాపారం, దానికి టైప్ 06 లైసెన్స్ కావాలి. నేనైతే ఉచితంగా కూడా ఇవ్వను. వాళ్ల చేతిలో ఏదైనా జరిగితే ఆ మొహాలు ఎలా చూడను?

ఎడమచేతి వాటం వాళ్లకి?

క్లాసిక్ కాస్ట్, రాక్ చకర్ సుప్రీమ్ రెండిట్లో హ్యాండిల్ ఇటువైపు నుంచి అటువైపు మార్చుకోవచ్చు. కో యాక్స్ హ్యాండిల్ నడిమధ్యన ఉంటుంది కాబట్టి ఏ చేతికైనా ఒకటే. కానీ అది పైకి బాగా లేస్తుంది, పైన అరలున్న బెంచ్ అయితే కొలుచుకోండి.

ఇండియా వెళ్లిపోతే అక్కడా చేసుకోవచ్చా?

ఆయుధాల చట్టం, 1959లో 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా అమ్యునిషన్ తయారు చేయడం నేరం. సరదాకి ఇంట్లో చేసుకునే వ్యవహారం కాదక్కడ. ప్రెస్ ఇక్కడే అమ్మేసి వెళ్లండి.

సెలవులకి వెళ్లేవాళ్లకి ఇంకో మాట. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్‌ని ప్రయాణానికి వాడకండి. అడుగున కుట్టు సందులో దాక్కున్న ఒక్క రౌండ్ చాలు, శంషాబాద్‌లో ఫ్లైట్ దిగిన ఆనందం పోలీస్ స్టేషన్‌లో ముగుస్తుంది. ఖాళీ కేసే కదా అని వాదించుకుంటూ కూర్చునే చోటూ కాదది. నా రేంజ్ బ్యాగ్ గరాజ్‌లో మేకుకి వేలాడుతూ ఉంటుంది, ఇంట్లోకి రాదు. అయినా పోయినసారి ప్రయాణానికి ముందు రోజు మా ఆవిడ బట్టలు సర్దుతూ నా జీన్స్ జేబు దులిపితే 9 ఎంఎం కేస్ ఒకటి మంచం మీద పడింది.